ఎడమ దిక్కు

ఈ ఊరి పేరే సార్.
బహ్రెయిన్ల దిగిన మొదటి దినం బోర్డు జూసి
ఊరికి గూడ సార్ అనాల్నా అని నవ్వుకున్న.
ఇప్పుడు పొద్దుగాల నాలుగున్నరకు
రోడ్డు కాలకముందే
లూలూను తీసుకొని ఈ సారులనే తిరుగుత.

లూలూ అంటె మనోళ్ళకు సూపర్ మార్కెట్టు,
వీళ్ళ భాషల ముత్యం.
గోధుమపిండి రంగు, వాలిన చెవులు.
నాలుగేండ్లల ఒక్కనాడు పిల్లిని గూడ ఉరికించలె.
ఎదురింటి బిమల్ తెచ్చే నల్ల షేరూ, ఇది
ముక్కులు గలిపి, తోకలూపుకుంట
మేమిద్దరం ఒక్క సిగరెట్టు పంచుకునేదాక ఆగేటోళ్ళు.

రంజాన్ పోయిన మూడో వారం
షేరూ ఎప్పటి లెక్కనే దగ్గరికొచ్చిండు.
లూలూ నోట్లకెళ్ళి నేనెన్నడు ఇనని సప్పుడు.
తెల్లారేసరికి బిమల్ చేతికి కట్టు,
షేరూ చెవికి కుట్లు,
నా అరచేతిల తాడు కోసిన ఎర్రటి గీత.

రెండు దినాలకు దంతాల డాక్టరమ్మ ఇంటి బొచ్చుకుక్క.
ఆ ఎనక, గేటు సందుల మూతి పెట్టిన కూన.

మదాం హనాన్ ఫోన్ల అంటుంటె ఇన్న:
"ఖలాస్, దీన్ని పంపిచ్చేద్దాం."
పంపిచ్చుడు అనే మాట ఏ భాషల అన్నా
నాకు ముందు కడుపుల ఇనబడుతది.

నేను కురుమోన్ని.
మా నాయిన గొర్రెను తిట్టడు, తడుముతడు.
గిట్ట, పొదుగు, దవడ, తోక మొదలు,
పోగొట్టుకున్న పైసల కోసం జేబు ఎతికినట్టు.
ఊకెనే కుమ్మిన గొర్రె లేదురా, అంటడు.

ఆ రాత్రి కారు షెడ్డుల లూలూ పక్కన కూసొని
మూడు కొట్లాటలు మల్ల మల్ల తిప్పి జూసిన.
షేరూ ఎటుకెళ్ళి వచ్చిండు? ఎడమకెళ్ళి.
బొచ్చుకుక్క? ఎడమకెళ్ళి.
కూన ఉన్న గేటు
మేం పోయేటప్పుడు ఎడమకే ఉంటది.

కుడి దిక్కు తడిమితె కండ్లు మూసింది.
ఎడమ దవడ కింద, మెడపట్టా ఒరిసే కాడ
నా ఏలు ఆగింది.
నన్నే జూసి గుర్రుమంది లూలూ,
మల్ల తనే సిగ్గుపడ్డట్టు నా మోకాలు నాకింది.

ఖర్జూరపు ముల్లు.
బుదైయా రోడ్డు తోటల మట్టలు నరికిన నాడు దిగిందేమో.
డాక్టరు చిమ్టాతో గుంజి స్టీలు గిన్నెల ఏస్తె
టింగుమంది.
చిటికెనేలు గోరంత లేదు,
దాని సుట్టు చీము మాత్రం చెంచాడు.

మదాం ఏడ్చింది. నేను అయిపోయిందనుకున్న.
కాలె.
ముల్లు ఎల్లింది గని దాని యాది ఎల్లలె.
షేరూ వాసనకే ఈపు మీద ఎంట్రుకలు లేస్తున్నయి.
నేను గూడ ముందుగాల్నే తాడు బిగబడుతున్న,
నా చేతిల భయం ఆ తాడెంబడి పోయి
దాని మెడకు ఎక్కుతున్నది.

బిమల్‌కు ఫోన్ చేసిన. కట్టు ఇంకా ఇప్పలె.
ఎన్ని గంటలకు రావాలె భాయ్, అన్నడు,
ఇంకేం అడగలె.

పాత సమాధుల దిబ్బల కాడ, ఖాళీ జాగల
అటు వాళ్ళు, ఇటు మేము.
డ్రైవర్ను, నేను దూరం కార్లల్ల కొలుస్త.
మొదలు పది కార్ల దూరం.
షేరూను జూసి మల్ల నా దిక్కు జూస్తె
జేబులకెళ్ళి ఉడకబెట్టిన కోడి ముక్క.
ఎనిమిది కార్లు. ఆరు.
ఎవడో హారన్ కొట్టిండు, మల్ల పన్నెండు.
తాడు వదులు జేసుడు నేర్చుకుంటున్న:
ముందు భుజం, ఎనక మోచెయ్యి,
ఏళ్ళు ఆఖరికి గని ఇనవు.

ఈ పొద్దు రెండు కార్లు.
ఎదురెదురు కాదు, ఒక్క దిక్కే మొఖాలు పెట్టి
నలుగురం నడిచినం,
షేరూ లూలూకు కుడి పక్కన.
సిగరెట్టు ఇంకా పంచుకోలె,
బిమల్ అటు ఊదిన పొగ మాత్రం
జెర్రంత ఇటొచ్చింది.