ఓసాకా పద్దు

మాలకొండయ్య గారూ,
రోజుకి మూడు వేల యెన్లన్నారు మీరు.
చీమకుర్తిలో అది రెండు రోజుల పాలిషు కూలి.
అక్కడ పొద్దుగూకే లోపే కరిగే ఐసుముక్క.

రాసుకోండి.
అరటిపండు ఒక్కటే, ప్లాస్టిక్కు చొక్కా తొడుక్కుని, నూట ఇరవై.
నాచు చుట్టిన అన్నంముద్ద నూట యాభై,
దాంట్లోకి మా ఇంటామె కట్టిచ్చిన గోంగూర.
ఆ పద్దు మీది కాదులే.
రైలు రెండొందల నలభై, పోయేటప్పుడు మాత్రమే.
రాత్రి ఎనిమిది దాటాక కొట్లో ఒకబ్బాయి
సగం ధర చీటీలు అంటించుకుంటా వస్తాడు.
నేనూ, ఒక ముసలామె, ఇద్దరు కాలేజీ పిల్లలూ
ఏమీ పట్టనట్టు వాడి వెనకే నడుస్తాం.
భాష రాకపోయినా ఆ నడక తెలుసు నాకు,
ఒంగోలు మార్కెట్లో చీకటి పడ్డాక
వాడిన వంకాయల కోసం మా అమ్మ నడిచేది.

మూడో రోజుకి బిల్లు లేదు.
కాళ్లు బొబ్బలెక్కి, ఏదో బ్యాంకు ముందు
అరుగు మీద కూలబడ్డా.
చెయ్యి ఆనించగానే తెలిసింది.
నల్లరాయి, లోపల బంగారు చుక్కలు.
మన గుంతదే.
మూల దగ్గర కాస్త ఎక్కువే అరగదీశారెవరో,
మన అంకమ్మ లాగానే.
గార్డు వచ్చాడు, తల వంచాడు,
పొమ్మనలేదు.

గంటసేపు కూర్చున్నా.
దానికెంత వేస్తారో మీ ఇష్టం.

మిగిలింది అయిదు యెన్లు,
నడుమ చిల్లున్న బిళ్ల.
జమ చేసుకుంటే చేసుకోండి,
లేకుంటే ఇటివ్వండి,
మా చంటోడి మొలతాడుకి కడతా.