ఎడం చెయ్యి

సోమవారం జూకి సెలవు.
ఆరు రోజులు టిక్కెట్లు చింపిన చేతులతో
ఇద్దర్నీ చెరో పక్కా పట్టుకుని
మద్దిలపాలెంలో మందుల షాపు పక్క మెట్లెక్కాను.

జోషితకి ఆరేళ్లు. కింది వరసలో పిప్పిపన్ను.
మూడు రాత్రులుగా చెంప కింద అరచెయ్యి పెట్టుకుని పడుకుంటోంది.
తనుష్‌కి నాలుగు. వాడి పళ్లకేం కాలేదు,
ఇంట్లో చూసుకునేవాళ్లు లేక తెచ్చాను.

"ఊరికే చూస్తారమ్మా, అంతే" అని దారంతా చెప్పాను.
చెబుతున్నంతసేపూ నా నాలిక
ముందు పళ్ల పక్కన వంకరగా మొలిచినదాన్ని
తడుముతూనే ఉంది.
ఈ పిల్లంత ఉన్నప్పుడు మా తాత సన్యాసప్పడు
దానికి ముందున్న పాలపన్నుకి నైలాన్ దారం కట్టి
రెండో కొస తలుపు గొళ్లేనికి ముడేసి
"మూడు లెక్కెడతానే గుంటా, మూడుకి లాగుతాను" అన్నాడు.
రెండుకే లాగేశాడు.
ఆ మూడు ఇంకా నాకు బాకీ.

క్లినిక్కులో గాజు తొట్టి, అందులో ఒకటే చేప.
దానికి పళ్లు ఎవరు తోముతారని తనుష్ ప్రశ్న.
గోడ మీద బొమ్మ పన్ను నవ్వుతోంది,
ఆ పన్నుకి మళ్లీ పళ్లు.
లవంగనూనె వాసన. తలుపవతల్నుంచి
సన్నగా, సాగదీసి, తుమ్మెద రొద.
చూస్తే జోషిత చెప్పులేసేసుకుంది.

డాక్టర్ ఇందుమతి ముందు కుర్చీని
రెండుసార్లు పైకీ కిందికీ ఊరేగించారు.
నీళ్లగొట్టంతో పిల్ల అరచేతిలో ఒక చుక్క వేశారు.
తర్వాత మెల్లగా అన్నారు:
"నొప్పొచ్చిందనుకో, ఎడం చెయ్యి ఎత్తు. ఆపేస్తాను."
"ఒట్టు?"
"ఒట్టు."

లైటు వెలగ్గానే చెయ్యి లేచింది.
ఆపేశారు.
అద్దం పెదవికి తగలకముందే లేచింది.
ఆపేశారు.
ముక్కు దురద పుట్టి ఒకసారి, ఏమీ లేకుండా ఒకసారి,
నిజంగానే ఆపుతారా అని చూడ్డానికి రెండుసార్లు.
బయట ఏడుగురు కూచున్నారు, పదకొండు దాటింది,
నాకే సిగ్గేసి "ఓర్చుకోవే" అనబోయాను.
డాక్టరమ్మ నా వైపు చూడనైనా లేదు.
ఆపేశారు.

ఆ తర్వాత చెయ్యి లేవలేదు.
వేళ్లు కాస్త ముడుచుకుని ఒళ్లో వెల్లకిలా పడుకుంది.
నోరు మాత్రం, మా నీటిగుర్రం
క్యాబేజీకి తెరిచినట్టు, తెరిచే ఉంది.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.
ముప్ఫైరెండేళ్లలో ఎన్నిసార్లు చెయ్యెత్తానో,
ఎవరెవరు ఆగారో
లెక్క వెయ్యబోతుంటే
తనుష్‌కి ఒంటికొచ్చింది.

కింద రోడ్డు మీద ఎండ పెనంలా ఉంది.
ఆరిలోవ బస్సు కనపడగానే చెయ్యెత్తాను.
ఆగలేదు. వెనక ఇంకోటుందన్నట్టు
కండక్టరు వేళ్లు తిప్పి వెళ్లిపోయాడు.
సగం మొద్దుబారిన మూతితో జోషిత
"నువ్వు కులిచెయ్యి ఎత్తావమ్మా" అంది.

సాయంత్రానికి ఆ చట్టం మా ఇంట్లో అమల్లోకొచ్చింది.
చిక్కు తీస్తుంటే ఎడం చెయ్యి. దువ్వెన ఆపాను.
ఎక్కాల పుస్తకం ముందు ఎడం చెయ్యి.
"దానికి చెల్లదు" అన్నాను.
"డాక్టరమ్మ అలా చెప్పలేదు" అంది.
కాకరకాయ కూరకి తనుష్ రెండు చేతులూ ఎత్తేశాడు.

రాత్రి ఆయన షిప్‌యార్డు నుంచి వచ్చి
కరెంటు బిల్లు చూసి గొంతు పెంచాడు.
ఏసీ ఎవరేశారు, గీజరు ఎవరాపలేదు,
నేనొక్కణ్ణే చావాలా, ఇంకా ఏవో.
అన్నం కంచం ముందు పిల్ల ఎడం చెయ్యి లేచింది.
ఆయనకి ఈ ఒప్పందం సంగతి తెలీదు.
"ఏటే, ఏం కావాలి?" అన్నాడు.
అడగడానికి ఆగాడు కదా,
ఆగినంతసేపూ
ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

వచ్చే సోమవారం పై పన్నుకి రమ్మన్నారు.
ఈసారి బస్సెక్కకముందే చెప్పాలి,
కొంచెం నొప్పుంటుందని.