మూడోసారి అనలేదు

మొదట్లో దాన్ని కూడా మరుపు ఖాతాలోనే రాసేశాం.

పళ్ళెం ముందు కూచున్న అప్ప
చేతిలో ముద్దతో అలాగే ఆగిపోయేది.
నోట్లో ఏమీ లేకుండానే పెదాలు చప్పరించేది.
కుడిచేతి వేళ్ళు చీర కుచ్చిళ్ళని ఒక్కొక్కటే ఏరేవి,
ఎండు నెత్తళ్ళలో ఇసక ఏరినట్టు.
"బేరం కాడున్నాది, కదపకండి" అని నవ్వేదాన్ని.
నలభయ్యేళ్ళు ఫిషింగ్ హార్బర్లో తట్ట దించని మనిషి,
ఇంకెక్కడుంటుంది?

ఓ తెల్లారుజామున మంచంకోళ్ళు గోడకి టకటకా కొట్టుకుంటే
రైలనుకున్నాను.
మా జాలారిపేటకి రైలు లేదు.

చేపలా కొట్టుకుందన్నారు చూసినోళ్ళు.
చేపలమ్మిన దాన్ని, నేనా మాట అనను.
చేప నీళ్ళకోసం కొట్టుకుంటుంది.
అప్ప దేనికోసమో నాకు తెలీదు.

పక్కింటి ఎర్రయ్య తాళాలగుత్తి తెచ్చి గుప్పిట్లో కుక్కాడు.
ఏ తలుపుదో ఆ ఇనుముకీ తెలీదు,
అప్పకీ తెలీదు.

కేజీహెచ్‌లో "దానయ్యమ్మ ఎవరు?" అని పిలిస్తే
అప్ప కూడా అటూ ఇటూ వెతికింది.
చిన్న డాక్టరమ్మ తలనిండా జిగురు పూసి తీగలంటించింది.
కాగితం మీద నడిచిన గీతల్లో ఒకచోట వేలుపెట్టి
"ఇది మరుపు కాదమ్మా,
మరుపు లోపల మెరుపు" అంది.
"మరుపు పోదు. మెరుపుకి మాత్రలున్నాయి.
మళ్ళీ వస్తే పక్కకి తిప్పండి.
నోట్లో, చేతిలో ఏమీ పెట్టొద్దు.
ఎంతసేపో చూడండి,
అయిదు నిమిషాలు దాటితే ఆటో ఎక్కించండి."

గడియారం చూడటం నాకు రాదు.
నాకొచ్చిన లెక్క వేలంపాట ఒకటే.

వచ్చింది మళ్ళీ, చవితి ముందురోజు.
పక్కకి తిప్పాను. తలకింద పెట్టడానికి
చేతికందింది దాని పాత చుట్టకుదురు.
తట్టల బరువు మోసి మోసి
ఆ తల ఆకారమే వచ్చేసింది దానికి.

కానాగంతలు, తట్ట ఆరొందలు.
ఒకటోసారి.
రెండోసారి.
మూడోసారి అనలేదు.
అంటే పాట కొట్టేసినట్టే,
సరుకు పైవాడిదైపోతుంది.
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాను.
మళ్ళీ.
మళ్ళీ.

ఎన్నిసార్లో. ఒళ్ళు సడలింది. గురక.
హార్బర్లో ఏదో ఓడ కూతేసింది.

పొద్దెక్కాక కళ్ళు తెరిచి
"ఎంతకి పోనాదే?" అంది.
నన్నడిగిందో, ఎప్పటి పాటగాడినడిగిందో.
"పోలేదప్పా" అన్నాను.

చుట్టకుదురు చొంగతో తడిసింది.
పిండి, నెత్తళ్ళ పక్కన ఎండకి పెట్టాను.