ఆరడం కాదిది

వైశాఖం ఎండ. వేట బందు.
ఆర్జిపల్లి ఇసుకలో పడవలన్నీ బోర్లా పడుకుని
వీపులు కాల్చుకుంటున్నాయి.
నేను వాటి మీద నెంబర్లు రాసేవాణ్ణి.
పేరు తెలుగులో, ఊరు ఒడియాలో, అంకెలు ఇంగ్లీషులో.
దండాసి చెయ్యి పడ్డాకే నా కుంచె పడాలి.

ఇవాళ సూరాడ వాళ్ల పడవ.
ముక్కు కింద జానెడు పగులు.
ఎడమ పక్క అన్న కాళయ్య, కుడి పక్క తమ్ముడు లింగరాజు,
మధ్యలో పడవ,
ఇంజను బాకీ,
నిరుడు ఎవరికీ చెప్పకుండా అమ్మేసిన వల.

దండాసి డబ్బాలోకి రెసిన్ వంచాడు.
తేనెలా సాగుతోంది, రంగు మాత్రం వాడిన గులాబీది.
హార్డెనర్ సీసా మూతలో కొలవబోయి ఆగాడు,
ఆకాశం చూశాడు,
నాలుగు చుక్కలు తగ్గించాడు.
"ఎండ కూడా మందేరా. లెక్క సీసా మీదుండదు,
నెత్తి మీదుంటాది."

కలిపాక అటు తిరిగి, ఇటు తిరిగి అన్నాడు:
"ఇరవై నిమిషాలు.
కొట్టుకుంటారో, గాజు మేటు పట్టుకుంటారో మీ ఇష్టం.
ఇది మీకోసం ఆగదు."

డబ్బులెవరివో ముందు తేలాలన్నాడు అన్న.
పడవ అమ్మేస్తే అన్నీ తేలిపోతాయన్నాడు తమ్ముడు.
ఆరు నిమిషాలు అలాగే పోయాయి.
దండాసి చెవి మీది బీడీ చెవి మీదే ఉంది,
ఈ డబ్బా దగ్గర నిప్పు కుదరదు.
డబ్బా అడుగు వెచ్చబడుతోంది. నేను చూశాను.
వాళ్లూ చూశారు.

చెరో కొసా పట్టుకున్నారు, మాట లేకుండా.
కుంచెతో పొడుస్తూ బుడగలు తోశాడు దండాసి:
"గాలి మిగిలితే
సముద్రం ఆ చోటే ఎతుక్కుంటాది."

పేడ అలికిన నేలలా తడి ఎగిరిపోయి
గట్టిపడటం కాదిది. ఆరడం కాదు.
వచ్చింది వచ్చినట్టే లోపలుంటుంది.
వల అల్లే చేతులేవో కనబడకుండా
ముడి మీద ముడి వేసుకుంటూ పోతాయి.
పాకం జున్నవుతుంది, జున్ను గోరవుతుంది.
ఆ పనికి పుట్టే వేడే
ఆ పనిని ఇంకా తొందరపెడుతుంది.
ఒకసారి పడ్డ ముడి ఇక కరగదు.
నిప్పు పెడితే మాడుతుందేమో గాని
మళ్లీ తేనె కాదు.

లింగరాజుకి ఓపిక తక్కువ.
జున్ను దశలోనే బొటనవేలు ఆనించాడు.
"ఒరే!" అన్నాడు కాళయ్య.
పొద్దుణ్ణించీ తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట,
చివరిదీ.

పొద్దు వాలాక గోటితో కొడితే టక్కుమంది అతుకు.
ఇద్దరూ వేరువేరు దారుల్లో ఇంటికెళ్లారు.
దండాసి పెళ్లాం నీలవేణి
ఇద్దరి దగ్గరా పూర్తి డబ్బులు వసూలు చేసిందని
నాకు తర్వాత తెలిసింది.
నేనెవరికీ చెప్పలేదు.

మర్నాడు గీకుడు కాగితం తీసుకెళ్లాను.
అన్నిచోట్లా గీకాను,
ఆ వేలిముద్ర దగ్గర చెయ్యి ఆగింది.
నెంబరు కొంచెం పక్కకి జరిపి
అది సున్నా మధ్యలో పడేలా రాశాను.