పరిగె

హన్మకొండ చౌరస్తా దాటినంక రెండో సందుల
సదానందం జిరాక్సు దుకాణం.
"మొత్తం బుక్కా సార్, కొంతనా?"
తలెత్తకుండనే అడుగుతడు.
మొత్తమే అన్న, నిరుడు శ్రావణంల.
అరవై నాలుగు పేజీలు, నలభై ఒక్క సెట్లు.
పేజీకి అర్ధ రూపాయి, నా జేబుల పైసలే.
అప్పుడే దించిన అన్నం గిన్నె తీరు
వెచ్చటి కాగితాల కట్ట ఒళ్ళె పెట్టుకొని
ధర్మసాగర్ బస్సెక్కిన.
పుణ్యం చేసినట్టే అనిపించింది.

మొదటి పేజీ తీయించలే.
పేరు, వెల ఎనభై, హక్కులు రచయితవి.
పాఠం కాదు గదా, ఒక కాగితం మిగిలె అనుకున్న.

పిల్లలు చదివిండ్రు. బువ్వ తిన్నట్టు చదివిండ్రు.
"కోడి బండి గుంజుతున్నది" అన్న కాడ
నవనీత నవ్వి నవ్వి బెంచి కిందికి జారింది.

దసరా సెలవులకు ముందు ఆయన్నే పిలిచిన.
రిటైరైన పోస్ట్‌మాస్టరు, ఘన్‌పూర్ నుంచి
బహుమతులిద్దామని
నాలుగు పుస్తకాలు సంచిలేసుకొని వచ్చిండు.
కథ తెలిసినోళ్ళు చెయ్యెత్తుండ్రి అంటే
నలభై ఒక్క పుస్తకాలు గాలిల లేచినయ్.
ఒక్కదానికీ అట్ట లేదు.

ఆయన ఏమనలే.
ఒకటి అందుకొని తిప్పి
ఇరవై ఏడో పేజీ కాడ ఆగిండు.
"కోడె అనాలె. కోడి అని పడ్డది.
అచ్చయిన దినం నుంచి ముల్లు లెక్క గుచ్చుతున్నది."
పెన్ను తీసి వరుసగ అన్నీ దిద్దబట్టిండు,
నేను దొంగిలించిన కాగితాల మీద, ఓపికగ.
నవనీత ఒక్కతి తనది వీపు వెనుక దాచింది.
"నాది దిద్దకు తాతా, కోడే మంచిగున్నది."
అప్పుడు నవ్విండు. నాకు నవ్వు రాలే.

మా అవ్వ కోతలయినంక మళ్ళల్ల పరిగె ఏరేది.
ఆశపడి మోపుల నుంచి కంకి గుంజితే
నా వీపుల దెబ్బ పడేది.
"రాలింది మనది బిడ్డా, కట్టింది వాళ్ళది."
బీఎడ్ చదివిన కొడుకు
మోపుకు మోపే నెత్తికెత్తుకున్నడు.

ఆ రాత్రి చట్టం తీసి చూసిన.
యాభై రెండో సెక్షన్ల మాకూ కొంత జాగ ఉన్నది:
పాఠం చెప్పే పంతులు, వినే పిల్లలు
నకలు తీస్తే తప్పు కాదట.
ఎంతదాంక? మూడు సార్లు చదివినా ఒడ్డు దొరకలే.
కోర్టుల నేను ఓడుదునో గెలుద్దునో ఎరుకలేదు.
నాలుగు పుస్తకాలు ఆ సంచిలనే
మళ్ళ ఘన్‌పూర్ పోయినయ్, అది ఎరుక.
నేను జిరాక్సుకు పెట్టిన పైసలకు
పదహారు పుస్తకాలొస్తుండె, అదీ ఎరుక.

పాత సెట్లు బీరువల ఉన్నయ్.
పారెయ్య మనసొప్పదు, పంచ మొకం చెల్లదు.

ఈ ఏడు సదానందం మళ్ళ అడిగిండు.
ఒక్కటే కథ అన్న. పేరున్న పేజీతోని.
"ఏంది సార్, పైసలు తక్కువవడ్డయా?"
అవునని చెప్పిన. పదహారు పుస్తకాలకు పంపిన గద.

పార్సిల్ వచ్చింది. పోస్టాఫీసు ముడులు,
విప్పేసరికి గోర్లు నొచ్చినయ్.
పదిహేనింట్ల కోడె, నీలి సిరాతోని.
పదహారోదాంట్ల కోడి కోడి లెక్కనే ఉన్నది.
అట్ట లోపల చిన్న చీటి:
"నవనీతకు."