తెల్ల బిళ్ళ

శూన్యమాసం. పెళ్ళిళ్ళు లేవు.
ఆదోని పత్తి యార్డులో ఫోటోలు తీయమన్నాడు పంపాపతి,
లాటుకు ఇరవై రూపాయలు.
ఫోటో కోయంబత్తూరుకు పోతుంది,
ధర అక్కణ్ణించి వస్తుంది.

మొదటిరోజు పంపినవన్నీ తిరిగొచ్చాయి.
"మీ ఊరి పత్తికి కామెర్లా?" అని రాశారట మిల్లువాళ్ళు.
తప్పు నాది.
రేకుల కింద పగలే వెలిగే పసుపు దీపం,
పక్క లారీ మీద నీలి పట్ట,
గేటు దగ్గర రోడ్డుకని పోసిన ఎర్ర గరుసు.
కెమెరాకు స్థిరం లేదు,
ఎవరింట్లో అన్నం తింటే వాళ్ళ యాస మాట్లాడుతుంది.

కన్ను అట్లా కాదు. మొండిది.
బుడ్డిదీపం కింద కూడా దానికి అన్నం తెల్లనే.
ముందు నమ్మి, తర్వాత చూస్తుంది.
కెమెరాకు ఏది తెలుపో ఎవరో ఒకరు చెప్పాలి,
ఎండలో ఒకసారి, మబ్బు పడితే ఇంకోసారి,
దీపాల వేళకు మళ్ళీ మొదటినుంచి.

నా సంచిలో ఒక బిళ్ళ ఉంది. అరచేతంత, పాలరంగు.
కెమెరా మూతికి బిగిస్తే లోకం మాయమైపోతుంది,
రేకులూ లారీలూ మనుషులూ పోయి
ఒట్టి వెలుతురు మిగులుతుంది.
వాడే పద్ధతి మాత్రం విడ్డూరం:
పత్తికేసి చూడకూడదు.
పత్తి ఉన్నచోట నువ్వు నిలబడి
దాని మీద పడే వెలుగుకేసి తిరగాలి.

నలభై ఒకటో లాటు ఉసేనమ్మది, కౌతాళం పక్క పల్లె.
చెప్పులు విడిచి కుప్పెక్కాను.
మోకాళ్ళదాకా దిగబడి
ఆమె పత్తికి వీపు పెట్టి, దీపానికి గురిపెట్టాను.

"ఏంది నాయనా, పత్తి ఈడుంటే దీపాన్ని తీస్తుండావు?"
"ఈ దీపం ఎంత అబద్ధం చెప్తుందో కొలుస్తున్నా అవ్వా."
"అబద్దానికి గూడా కొలతుండాదా!
అట్లయితే దాన్ని తీస్కపోయి
ఆ కాటా ముందర గూడా పెట్టప్పా."
పంపాపతి దగ్గాడు.

బిళ్ళ తీసి, వెనక్కి తిరిగి, నొక్కాను.
తెర మీద పత్తి పత్తిలాగే వచ్చింది.
పైన తెలుపు, కొత్తగా సున్నం కొట్టిన గోడ తెలుపు.
కింద, కుప్ప నడుముకాడ,
కార్తీకం ముసురులో తడిసిన కాయలది
చొప్ప చాయ.
బిళ్ళకు జాలి లేదు.
దీపం పసుపును తీసేసింది,
వాన పసుపును వదిలేసింది.

ఆమె తెరకు ముక్కు ఆనించి చూసింది.
"రవ్వంత నీలం పెట్టు.
పంచెలకు నీలిమందు పెట్టమా? ఎవురి సొమ్ము పోయె?"

పెట్టొచ్చు. చక్రం రెండు గళ్ళు తిప్పితే చాలు.
ఎన్ని పందిళ్ళలో ఎందరు పెళ్ళికూతుళ్ళను
అడక్కుండానే ఒక చాయ తేల్చానో
నా వేలికి తెలుసు.
ఆ వేలు చక్రం మీదే ఉంది.

"వద్దులే," అనింది తనే.
"మూట ఇప్పితే తెలీదా వాళ్ళకి."
కోడల్ని కేకేసింది.
ఇద్దరూ కుప్పకు చెరోపక్క కూర్చుని
తడిసింది వేరు, తడవంది వేరు ఏరుకుంటూ పోయారు,
ఆ దీపం కిందనే, అంతా పసుపే అయిన చోట.
చూసి కాదు, వేళ్ళతో నలిపి.
తడిసిన దూది వేలికి అంటి ఒక పట్టాన వదలదంట.

రాత్రి తొమ్మిదికి ఒక లాటు రెండయింది.
మళ్ళీ ఎక్కి, మళ్ళీ బిళ్ళ బిగించి, రెండు ఫోటోలు తీశాను.
పంపాపతి ఇరవయ్యే లెక్క రాసుకున్నాడు.

మొదటి కుప్పకు మంచి ధరే పలికింది.
రెండోదాని ధర చదివినప్పుడు
ఉసేనమ్మ మొహం ఏ రంగుకు తిరిగిందో నేను చూళ్ళేదు.
నలభై ఏడో లాటు మీద నిలబడి ఉన్నాను,
అందరికీ వీపు పెట్టి,
దీపాన్ని చూస్తూ.