ఒడిసెల పందెం

పాండవుల గుట్ట మీద
నా ఒడిసెల రాయి ఏడ పడితే
ఆడికి రెండు బారలు అవుతల పడేది
కొంరెల్లిది.

తునికిపండ్లు వానికే.
కోపంతోని మూడు దినాలు
మాట్లాడలే.
వాని మంద అటు, నా మంద ఇటు.
ఏం తెల్వని గొర్లు మాత్రం
కలిసే మేసినయి.

నాలుగోనాడు రాళ్లవాన.
ఒక్క గుండు కింద ఇద్దరం.
వాని గొంగడి పెద్దది, నాది చిరిగింది.
వాడేం అనలే. అంచు ఇటు ఇసిరిండు.
తడిసిన ఉన్ని వాసనల
ఇద్దరి పండ్లు టకటక కొట్టుకున్నయి,
అండ్ల గూడ వానియే గట్టిగ.

వాన వెలిసినంక మందలు విడదీస్తుంటే
నా బొల్లిగొర్రె వాని ఎంట పోయింది.
పిలువలే నేను.

తెల్లారి తోలుకొచ్చి అన్నడు:
"నీ లెక్కనేరా,
రాత్రంత అలిగి గడ్డి ముట్టలే."